మూడు గొట్టాలు

గోడ గడియారం రెండు నిమిషాలు ముందు.
మాండా లొవ్రిచ్ చేతి గడియారం, వాళ్ళ నాన్నది,
ఒక నిమిషం వెనక.
"ఏది నిజం?" అంది.
ఈ కౌంటర్ మీద ఉన్నదే ఇవాళ్టికి నిజం అన్నాను.
ఎనిమిదీ పన్నెండు. రాసుకున్నాను.

ఎడమ చేతి నరంలోకి వెళ్ళింది
రంగూ రుచీ లేని చుక్క.
ఒళ్ళు దాన్ని వాడుకోదు, దాచుకోదు.
మూత్రపిండాలు తోస్తే పోతుంది,
తొయ్యకపోతే నెత్తుటిలో తిరుగుతూ ఉంటుంది
పనిలేని చుట్టంలా.
ఖాళీ సిరంజినీ పారెయ్యలేదు.
అడుగున మిగిలిన తడిని కూడా లెక్కపెట్టాలి.
ఎంత పెట్టామో తెలియకుండా
ఎంత పోయిందో ఎవరు చెప్పగలరు?

వీపు కింద కెమెరా.
తెర మీద ముందు గుండె మెరిసింది,
దాని వెనకే రెండు చిక్కుడు గింజలు,
కుడిది బాగా చిన్నది, ఆలస్యంగా.

సావా నది ఒడ్డున వాళ్ళ ఊరు.
ఒకే ఇంట్లో ముగ్గురు పోతారు,
పక్కింటి ముసలాయన తొంభై దాటి తోట తవ్వుతుంటాడు.
బావి నీళ్ళన్నారు, భూమిలో బొగ్గన్నారు,
ఆడవాళ్ళు శాపమన్నారు.
ఆఖరికి తేలింది: గోధుమ చేలో కలుపు.
'తోడేలడుగు' అంటారట దాన్ని.
కోతల్లో దాని గింజా కంకితో కలిసి
మరకి చేరేది.

మర వాళ్ళ నాన్నది.

"పిండి మెత్తగా వచ్చేది," అంది మాండా
పైకప్పుకేసి చూస్తూ.
"ఊరంతా మెచ్చుకునేవాళ్ళు."
అంతే. కదలకూడదని చెప్పాను గదా, కదల్లేదు.

పదీ పన్నెండుకి ఒక గొట్టం,
పదకొండూ పన్నెండుకి ఒకటి.
కుడి చేతి నుంచే. సూది గుచ్చిన చేతిని మళ్ళీ అడిగితే
అది అబద్ధం చెబుతుంది.

రెండో గొట్టానికీ మూడో గొట్టానికీ మధ్య
సంచిలోంచి గుడ్డలో చుట్టిన రొట్టె తీసింది.
నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
ఆమె చూసింది.
"భయపడకమ్మా, కొన్న పిండే.
ఒసియెక్‌లో, నీ వీధిలోనే."
ఆ గదిలో ఏమీ తినకూడదు.
నడవాలోకి వెళ్ళి, గోడకానుకుని,
మొత్తం ముక్క తిన్నాను, పెచ్చుతో సహా.

పన్నెండూ పన్నెండు.

ఆ చుక్క ఆరు గంటలకి సగం తనంతట తాను చస్తుంది.
ఆ చావుని ఒక లెక్కలో తీసేసి
మిగిలినదే ఆమె మూత్రపిండాల పని అనుకోవాలి.
రెండు చుక్కలైతే ఎలాగైనా గీత గియ్యొచ్చు,
మూడోది ఒప్పుకుంటేనే నమ్మకం.
ఒప్పుకుంది.
నిమిషానికి ముప్పై ఎనిమిది.
కిందటేడు నలభై నాలుగు.

చొక్కా చెయ్యి దించుకుంటూ
గడియారం కీ లాగి, ఒక నిమిషం ముందుకి తిప్పి,
ఏమనుకుందో, మళ్ళీ వెనక్కి తిప్పేసింది.
"వచ్చే ఏడు ఇదే నెలా?" అంది.
ఇదే నెల అన్నాను.
కాగితం మీద రొట్టె పొడి.
ఊదేశాను.