గని బాకీ

నీ అసలు పేరు నాకిప్పటికీ నోరు తిరగదు.
ఆ అమ్మాయి లాటిన్‌లో ఏదో అంది.
మాకు నువ్వు కలుపువి, అంతే.

పెళ్లయి ఈ కొండవాలుకి వచ్చిన తొలి వసంతంలో
మా అత్త ముందుగా చూపించింది నిన్నే:
"ఈ పసుప్పూల దాన్ని వేరుతో సహా పీకు.
గొర్రె మూతి పెట్టిందా, ఆ గొర్రె ఇక మనది కాదు."
నలభై మూడేళ్లు పీకాను.
బార్లీ చేలో, ఉల్లి మడి గట్ల మీద, రాళ్ల సందుల్లో.
పీకిన చోటే మళ్లీ లేచేదానివి
సిగ్గూ ఎగ్గూ లేకుండా
తల నిండా పూలు పెట్టుకుని.

కుయ్తిమ్ ఆ ఎర్ర కొండలోకి దిగేవాడు.
తెల్లారకముందే నెత్తిన దీపం పెట్టుకు వెళ్లి
పొద్దు వాలాక ఇటుక రంగులో తిరిగొచ్చేవాడు.
అతని స్నానం నీళ్లు పారబోస్తే
గుమ్మం ముందు మంచు ఎర్రబడేది.
కొండని తవ్వి వ్యాగన్లకెత్తి
ఎల్బసాన్ కొలిమికి పంపారు.
అక్కడ ఆరేసిన దుప్పటి ఆరేలోపే మళ్లీ ఉతకాలని
మా చెల్లెలు ఉత్తరం రాసేది.
మాకు మట్టి దిబ్బలు మిగిలాయి,
వానొస్తే వాటి కింద తుప్పు రంగు వాగు.
చేపలు పోయాక
వలని కోళ్ల గూటి మీద కప్పాం.

ఒకనాడు సర్కారు కూలింది, గని నోరు మూసింది.
ఆఖరి మూడు నెలల జీతం ఇస్తామన్న కాగితం
బీరువాలో పెళ్లి ఫొటో వెనక ఇంకా ఉంది.
రైలు పట్టాల్ని పాత ఇనుముకి అమ్ముకున్నారు.
కుయ్తిమ్ దగ్గుని మాత్రం ఎవరూ కొనలేదు.
పదకొండేళ్లు మా ఇంట్లోనే ఉంది, అతనితో పాటే పోయింది.

ఆ తర్వాత ఎన్నాళ్లకో ఎర్మిరా వచ్చింది, తిరానా నుంచి.
నిన్ను పీకలేదు, కత్తెరతో కోసింది.
న్యూస్‌పేపరు మడతల్లో
పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టింది.
ఒక ఆకు నలిపి తెల్ల కాగితం మీద అద్దింది.
కాగితం గులాబీ రంగు తిరిగింది.
నా పెళ్లినాడు నేనైనా అంత ఎర్రబడలేదు.
"నికెల్, అమ్మమ్మా. మట్టిలోది తాగి
ఆకుల్లో దాచుకుంటుంది. ఇంకో మొక్కయితే చచ్చేది.
దీన్ని మీరు విత్తాలి" అంది.
విత్తడమా!
నవ్వు ఆగక గట్టు మీద కూలబడ్డాను.
దొంగ చేతికి తాళాలిమ్మంటుందేమిటీ పిల్ల!

విత్తాను.
దిబ్బ కింద, బార్లీ మోకాలు దాటని చెక్కలో.
చేతులు ఒప్పుకోలేదు మొదట,
నిన్ను చూస్తే చాలు, వేళ్లు వాటంతటవే వంగేవి.
జూన్‌లో పూత మీద కోసి, ఎండబెట్టి, మోపులు కట్టి ఇస్తే
తూచి తీసుకెళ్లి కాలుస్తారు.
బండెడు గడ్డికి బకెట్టు బూడిద,
ఆ బూడిదలో పిడికెడు లోహం.
కుయ్తిమ్ ఒక్క పూటలో వ్యాగను నింపేవాడు.
కానీ నీకు దీపం అక్కర్లేదు, సైరను అక్కర్లేదు,
రాత్రిళ్లు వీపు రాయాల్సిన పని లేదు.

"ఎన్నాళ్లకి బాగుపడుతుంది ఈ నేల?" అని అడిగాను.
ఎర్మిరా అబద్ధం చెప్పలేదు.
నా మనవరాలి జడ వైపు చూసి
"అది నెరిసేనాటికి, కొంత" అంది.

ఆ కాగితాలు రెండు అడిగి తీసుకున్నాను.
ఎందుకని అడగలేదు, మంచి పిల్ల.

స్మశానంలో అతని రాయి పక్కన
నువ్వు మోకాలెత్తున ఉన్నావు.
ఏటా పీకేదాన్ని, ఈసారి నడుం నొప్పని వదిలేశాను.
ఆకు నలిపి అద్దాను.
ఎర్రబడింది. మిగతా వాటికన్నా ముదురుగా,
లేదా నా కళ్లకలా తోచిందో.
ఈ కొండ మట్టంతా అంతే, తెలుసు,
ఎక్కడ అద్దినా అంతే.
అయినా కొడవలి తెచ్చుకున్నాను.

ఆ మోపుని విడిగా తూయించాను.
నాలుగు కిలోలకి వేరే చీటీ ఏమిటని
తూకం కుర్రాడు విసుక్కున్నాడు.
రాయి బాబూ, అన్నాను. పేరు కుయ్తిమ్.
వచ్చిన నాణేలు బీరువాలో
ఆ పాత కాగితం మీద పెట్టాను.

ఇంకా చాలా బాకీ ఉంది.
వచ్చే జూన్‌కి నువ్వు రా.