కాలరు తిరగేసినట్టు

ఆరు నెలలుగా మా ఆయన మంచమ్మీద పడుకోలేదు.
కుర్చీలో కూర్చుని, ఎడమ కాలు కిందికి వేలాడేసి
తెల్లార్లూ ఫ్యాను రెక్కల్ని చూస్తూ ఉండేవాడు.
కాలు చాపితే నొప్పి,
దించితే కాస్త నయం.
నెత్తురుక్కూడా పల్లం కావాలి కాబోలు అనుకున్నాను.
ఎవరికీ చెప్పలేదు.

వాషర్మన్‌పేటలో మా కొట్టు నాలుగడుగుల వెడల్పు.
మిషను ఆయనది, కాజాలు నావి.
ముప్ఫై ఏళ్ళ స్కూలు నిక్కర్లు, జాకెట్లు, దిండు గలీబులు
అన్నీ ఆ పాదం తొక్కినవే.
నోట్లో ఒక బీడీ, చెవి మీద ఇంకో బీడీ.

మొదట నడకలో ఆగేవాడు.
మింటు స్ట్రీటు మలుపులో, పనేమీ లేకపోయినా
బట్టల షాపు అద్దం ముందు నిలబడిపోయేవాడు.
ఈ వయసులో షోకేమిటని నవ్వాను.
పెదాల మధ్య పెట్టుకుని మరిచిపోయిన సూది
ఆ నవ్వు.

తర్వాత బొటనవేలు నల్లబడింది.
ఎదురింటావిడ పసుపు కట్టమంది.
మెడికల్ షాపు కుర్రాడు ఆయింట్‌మెంటు ఇచ్చాడు,
అదయ్యాక ఇంకొకటి ఇచ్చాడు.

పాత జైలు రోడ్డు పెద్దాసుపత్రిలో డాక్టరు తేన్‌మొళి
చేతికి కట్టే బీపీ పట్టీ చీలమండకి కట్టింది.
చల్లటి జెల్లీ రాసి, పెన్నులాంటిదేదో ఆనించి వింది.
మోచేతి దగ్గర గుర్రం పరుగు.
పాదం దగ్గర
స్టేషను దొరకని రేడియో.

"చేతిలో నూరుంటే కాలికి ముప్ఫయ్యే చేరుతోందమ్మా.
తీసెయ్యడం తేలిక. ముందు కుట్టి చూద్దాం."
కుట్టు అన్న మాటకి ఆయన తలెత్తాడు.

మందు ఎక్కించి బొమ్మ తీశారు.
తొడలో నల్లగా దిగి, మోకాలి దగ్గర సన్నబడి
మే నెల కార్పొరేషను కుళాయిలా
ఆగిపోయింది.

ఆమె కాగితం మీద గీసి చూపించింది.
కుడి కాల్లో చర్మం కిందే ఒక సిర ఉందట.
దాన్ని తీసి, మూసుకుపోయిన చోటు దాటించి అతుకుతారట.
లోపల చిన్న చిన్న తలుపులుంటాయి, ఒకవైపుకే తెరుచుకుంటాయి,
అందుకని తలకిందులు చేసి కుడతారట.

"కాలరు తిరగేసి కుట్టినట్టా అమ్మా?"
చాన్నాళ్ళకి నవ్వాడు మా పెంచలయ్య.
అరిగిన వైపు లోపలికి, గట్టి వైపు పైకి.
అలా ఎందరు గుమాస్తాల చొక్కాలకి
మూడేసి రూపాయలకి రెండేసి ఏళ్ళు ఇచ్చాడో.
డాక్టరుకి అర్థం కాలేదు.
కాలరు తిరగేసుకునే రోజుల్లో ఆమె పుట్టలేదు.

ఆరు గంటలు పట్టింది.
వరండాలో కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టాను.
పదకొండు జాకెట్లు.
రెండింటికి ఎడమది కుడికి, కుడిది ఎడమకి.

బొటనవేలు దక్కలేదు.
మిగతా పాదం దుప్పట్లో ఎర్రగా, వాచిపోయి,
వెచ్చగా ఉంది.
పెన్ను ఆనిస్తే వినిపించింది మా మిషనే.
ఒట్టు, మా మిషనే!
దుప్పటి అంచు పొడుగునా కుట్టేటప్పుడు చేసే చప్పుడు.

మెలకువ రాగానే ఆయన అడిగింది దారం నంబరు.
వెంట్రుక కంటే సన్నమన్నారు, తృప్తిగా తలూపాడు.
తొడ మీద పిన్నులు చూసి మాత్రం
"రెడీమేడ్ పని" అని మొహం తిప్పుకున్నాడు.

చప్పుడు దొరికిన చోట డాక్టరు ఇంటూ గుర్తు పెట్టింది.
రోజూ అక్కడ వేలు పెట్టి చూడమంది.
చల్లబడితే అర్ధరాత్రైనా ఆటో ఎక్కమంది.
బీడీ ముట్టుకుంటే తన మొహం చూడొద్దంది.
ఇప్పుడు చెవి మీద సుద్దముక్క ఉంటోంది.

ఆయన పడుకుంటున్నాడు, కాళ్ళు చాపుకుని.
స్నానానికి గుర్తు చెరిగిపోతే
నీలం సుద్దతో మళ్ళీ నేనే గీస్తాను.
చీకట్లో వేలు ఆనిస్తాను.
టకటకమంటుంది.
ఒక్కోసారి అది నా వేలిదేమోనని అనుమానం.
అప్పుడు వేలు మార్చి
మళ్ళీ చూస్తాను.