నల్లా వచ్చే రాత్రి

నీళ్లకు పండ్లుంటయంటె
బోరబండల ఎవ్వలూ నమ్మరు.
నాలుగు వేళ్ల మందం స్టీలు రెక్కను
చెదలు తిన్న దర్వాజ లెక్క కొరికిపెట్టినయి,
ఈ చేతులతోనే తడిమి చూసిన.

కొరికేది నీళ్లు గావంటడు జహీర్ ఉస్తాద్.
నీళ్లల్ల పుట్టే బుగ్గ. ఆవగింజంత.
ఒత్తిడి తగ్గిన కాడ పుడ్తది,
పెరిగిన కాడ సస్తది,
సచ్చేటప్పుడు మాత్రం తన్ని సస్తది.
ఒక్కటి తంతె ఏమైతది అన్న.
సెకనుకెన్నో లెక్కబెట్టు,
తర్వాత ఏడాదికి లెక్కబెట్టు, అన్నడు.
బాలానగర్ల లేత్ మిషన్ల నడుమ పెరిగినోడు,
ఎడమ చెవు గ్రైండర్‌కు ఇచ్చేసినోడు,
స్క్రూడ్రైవర్ కొనను కేసింగుకు ఆనిచ్చి
పిడిని కుడిచెవుకు పెట్టుకుంటె
లోపల గులకరాళ్లు దంచుతున్నట్టు వినబడ్తదంట.

టర్బైన్ బయటికి రాదు. మనమే లోపలికి పోవాలె.
మ్యాన్‌హోల్లకెల్లి పాక్కుంట, టార్చిలైటు నోట కరుసుకొని,
పందొమ్మిది దినాలు.
పుచ్చినదంత గీకి, మెరిసేదాంక గీకి,
ఎర్రరంగు పూసి తుడిచి, మీదికెల్లి తెల్లది కొడితె
దాసుకున్న పగులు వెంట్రుకంత ఎర్రగ బయటపడ్తది.
ఒక్కకాన్నే కూసోని అతికితె
వేడికి రెక్క వంకర పోతది.
సాన్పు సల్లినట్టు ఆడింత, ఈడింత,
సల్లారేదాంక ఆగుడు.
మల్ల గీకుడు. రేకు నమూనా ఆనిచ్చి చూసుడు.
నడుమ వెలుతురు దూరిందా,
మల్ల మొదటికెల్లి.

ఏడో రెక్క వెనక, చెయ్యి తిరగని మూల,
రూపాయి బిళ్లంత గుంత మిగిలిపోయింది.
పైన ఇంజనీరు గడియారం చూస్తున్నడు,
ఎగువల వానలు మొదలైనయట.
ఉస్తాద్ దాన్ని బొటనవేలితోని మూసి, జరసేపు అట్లనే ఉంచి,
"ఇదే మనల్ని మల్ల పిలుస్తది, నడు" అన్నడు.

ఇంటికొచ్చి మూడు రాత్రులు.
రెండు గంటలకు అనసూయ లేపింది, నల్లా వచ్చిందని.
ముందుగాల గాలి.
గురగుర, గరగర, పైపుల గులకరాళ్లు.
నిద్రలనే స్క్రూడ్రైవర్ కోసం తడుముకున్న.
తర్వాత కృష్ణ నీళ్లు,
ఏడో రెక్క దాంక పోకముందే
ఇటు మళ్లిన నీళ్లు.

చెయ్యి కింద పెట్టిన.
ఎంత మెత్తగున్నయి,
పండ్లు రాని పిల్ల నోట్ల వేలు పెట్టినట్టు.

"ఏం జూస్తున్నవయ్యా, బిందె పొర్లుతున్నది,
పక్కది పెట్టు" అన్నది.

పెట్టిన.