నడిమి గొట్టాలు

ముక్కుకు క్లిప్పు పెట్టి, అట్ట గొట్టం నోటికిచ్చి
ఊదుమన్నది జిన్సీ సిస్టర్.
"ఔర్, ఔర్, ఔర్..."
అయిపోయినంక గుడ ఔర్.
లోపల ఇంక ఉన్నది. ఉన్నదని నాకు తెలుసు.
రాదు.

సజా క్లినిక్కుల నెత్తి మీద ఏసీ గ్రిల్లు,
దాని ఎనుక మెడ ఎవడో వంకర కట్టిండు.
చప్పుడు వింటె తెలుస్తది.
పద్నాలుగేండ్ల సంది నా పని అదే,
షార్జా మేడల కడుపులల్ల
గాలికి తొవ్వ వేసుడు.

తెర మీద నా ఊపిరి గీత దిగింది.
బాగున్నోళ్ళది ఇంటి కప్పు లెక్క చక్కగ జారుతదట.
నాది తడి బట్టలేసిన దండెం,
నడుమ కుంగింది.

డాక్టర్ హాతెం మిసిరి మనిషి, చేతులతోటి మాట్లాడుతడు.
పెన్ను గొట్టంల నుంచి ఒంటి కన్నుతోటి నన్ను చూసి
"ఇది సగం సన్నమైతే గాలికి అడ్డం ఎన్నింతలైతది?" అన్నడు.
రెండింతలు అంటననుకున్నడు.
"ముప్పై రెండు," అన్న.
"పదహారు," అన్నడు,
జరసేపు ఆగి తనే నవ్విండు.
"రొదబెట్టుకుంట పోయే గాలికి నీ లెక్క,
గమ్మున పోయే గాలికి నా లెక్క.
నీ ఛాతిల రెండూ ఉన్నయి."
ఎనిమిదించుల డక్టును నాలుగించులు చేసి
రఫీకుల్ ఫోర్‌మన్ తోటి తిట్లు తిన్న లెక్క అది.
బడిల చెప్పింది కాదు.

"పొగ తాగుతవా?"
తాగ. కాని బీడీల చాట పక్కన పెరిగిన.
కోరుట్లల మా అక్క లచ్చవ్వ ఆకు కత్తిరిస్తుంటె
తంబాకు దుమ్ముల కూసోని ఎక్కాలు రాసేటోణ్ని,
తుమ్మినప్పుడల్ల తొమ్మిది ఏడయ్యేది.
ఫారంల దీనికి గడి లేదు.
గ్లాస్‌వూల్ అని రాసుకున్నడు. ఎడారి దుమ్ము అని రాసుకున్నడు.

అడిగిన నేను:
చివరి గొట్టాలు వెంట్రుకంత సన్నమంటివి గద,
అడ్డమంత అక్కడనే కావచ్చు?
కాదన్నడు.
అవి లచ్చలు. ఒక్కొక్కటి సన్నం, అన్నీ కలిస్తె మైదానం.
గాలి ఆడికి పోయినంక ఉరుకుడు మరిచి నిలబడుతది.
పెద్దయి కాదు, చిన్నయి కాదు,
గాలిని పట్టుకునేది నడిమియే.

ఏం అనలె నేను.
నిజామాబాదుల పాసుపోర్టు గుంజుకున్న సాబు,
బొంబాయిల మెడికల్‌కు మళ్ళొకసారి పైసలడిగినోడు,
గేటు కాడ కార్డు గీకి మొఖం చూడనోడు.
ఒక్కడు గుడ పెద్దోడు కాదు.

రాత్రి రూంల పన్నెండు మందిమి, మూడంతస్తుల మంచాలు.
పోశెట్టిది గుర్రు. పైమంచం నేపాలోనిది నీళ్ళు పారినట్టు సన్నటి ఊపిరి.
ఎవనిది ఎవనికి అడ్డం లేదు.
నా దాంట్ల, అన్నిటి చివర,
తలుపు సందుల ఇరికిన పిల్లి.

లేచి కూసున్న.
సిస్టర్ చూపించినట్టు
సీటి కొట్టబోయి కొట్టనట్టు పెదవులు పెట్టిన.
పెదవుల కాడ జరంత అడ్డం పెడితె
లోపటి గొట్టాలు ముడుసుకపోవట.
అడ్డాన్ని అడ్డంతోటి నిలబెట్టుడు.
ముందుగాల నమ్మలె;
డ్యాంపర్ జర మూసి, చివరి గది దాక గాలి పంపిన రోజులు
యాదికొచ్చి నమ్మిన.

లచ్చవ్వ కట్ట కట్టినంక
మీది దుమ్మును గిట్లనే ఊదేది,
పెదవులు సున్న చుట్టి, ఏ తొందర లేకుంట.
కట్టకు ఇరవై ఐదు బీడీలు.
ఒకటి... రెండు... అని ఇడుసుకుంట
తొమ్మిది దాక పోయిన.

దగ్గొచ్చింది.
పోశెట్టి అటు మర్రిండు.
మళ్ళ ఒకటి నుంచి.