ఎర్ర పొడి

మూడోసారి విరిగింది, చీమకుర్తి క్వారీలో.
బండ కోసే మిషను గేర్‌బాక్సులో పళ్ళ ఇరుసు.
జానెడు పొడవు, ఇరవై నాలుగు పళ్ళు.
ఒక కొస నమిలి ఉమ్మేసినట్టుంది,
రెండో కొసన గోరు గీత కూడా లేదు.
పళ్ళ సందుల్లో ఎర్ర పొడి,
గ్రీజులో తడిసి, ఇటుక నూరినట్టు.

మేనేజరు, ఇనుము నాసిరకం అన్నాడు.
ఆపరేటరు తిరుపాలు, నా పనే నాసిరకం అన్నాడు
నా ముందు కాదు, టీకొట్టు దగ్గర.
మంగమూరు రోడ్డులో ముప్పై ఏళ్ళ షెడ్డు నాది.
ఆ రాత్రి ఇరుసును పక్కలో పెట్టుకున్నంత పని చేశాను.

మిషనుతో వచ్చిన పుస్తకం చివర
చీమ తలకాయంత అక్షరాల్లో ఒక మాట:
కేంద్రాలు కుదరని పళ్ళ జతలకు ఫలానా పాత నివేదిక చూడుము.
ఎక్కడ చూడుము?

పాలిటెక్నిక్‌లో బీరువా ఉంది,
తాళంచెవి రిటైరై వెళ్ళిపోయిందన్నారు.
పాత పేపర్ల కొట్టులో పుస్తకాలు కిలోల్లో ఇస్తారు,
పేరు చెప్పి అడిగితే తక్కెడ వైపు చూస్తారు.
కావలిలో పాత లెక్చరరు దశరథరామిరెడ్డిగారికి చెవులు పోయాయి.
కాగితం మీద రాసి చూపించాను.
చాలాసేపు చూసి, కింద రాశారు:
బిట్రగుంట లోకోషెడ్డు. ఖాజావలి ఫిట్టరు. ఉంటే.
"ఉంటే" తర్వాత పెన్ను ఎత్తలేదు,
చుక్క బఠాణీ గింజంత అయింది.

పాసింజరు దిగితే
ఆవిరి ఇంజన్లు తిరిగిన చోట తుమ్మచెట్లు.
ఖాజావలి లేడు. పదకొండేళ్ళయింది.
కూతురు మెహరున్నీసా వరండాలో జాకెట్లు కుడుతోంది.
"నాయన పుస్తకాలా? చెదలు తినంగా ఒకటి మిగిలింది"
అని తన కాళ్ళ వైపు చూసింది.

ఆ వరండా నేల వంకర.
కుట్టుమిషను ఎడమ ముందుకాలి కింద
నూనె తాగి నల్లబడిన అట్ట,
మూడు నెలలుగా నేను వెతికిన పేరు దాని మీద.
నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.
తన నేలను చూసి నవ్వాననుకుని ఆమె మొహం తిప్పుకుంది.

గడప మీదే కూర్చుని చదివాను.
ఇంగ్లీషు నాకు సగం వచ్చు, మిగతా సగం బొమ్మలు చెప్పాయి.
పంతొమ్మిదో పేజీ అంచున తెలుగులో పెన్సిలు రాత:
"తప్పు పంటిది కాదు.
రెండు ఇరుసులు ఒక్క గీత మీద పడుకోవు.
పడుకోబెట్టినా, వేడెక్కితే ఒకటి పక్కకి ఒత్తిగిలుద్ది.
అప్పుడు బరువంతా ఒక కొస మోస్తది. ఎర్ర పొడి వస్తది.
ఇనుముని తిట్టొద్దు.
పంటికి కాస్త పొట్ట పెట్టు. నడుమ ఎత్తు, కొసలు పల్చన.
వెంట్రుక మందం చాలు."
దాని కిందే, అదే పెన్సిలుతో:
కిరసనాయిలు నాలుగు లీటర్లు, పాపకి దగ్గు మందు.

ముప్పై ఏళ్ళు
పంటిని నిటారుగా కొయ్యడమే పనితనం అనుకున్నాను.
కాలేజీ పిల్లలకి చూపించి మరీ గర్వపడ్డాను.

"తీసుకుపో అన్నా. కాకపోతే మిషను ఊగుద్ది.
అంత మందం ఇంకోటి ఏదన్నా పెట్టిపో."
జేబులోంచి వెర్నియరు తీసి కొలిచాను.
నొక్కుడు పోను పద్దెనిమిది మిల్లీమీటర్లు.
అప్పటికి ఒక చెక్కముక్క, పైన మడిచిన అట్టపెట్టె.

తర్వాతి ఆదివారం చీమకుర్తి రాయి తీసుకెళ్ళాను,
అరచేతంత ముక్క, పాలిషు పట్టించి,
నలుపులో వెండి రవ్వలు.
కాలి కింద పెడితే మిషను కదల్లేదు.
"ఇంత అద్దాన్ని నేలకేసి తొక్కాలా" అని
మళ్ళీ ఎత్తి, చెంగుతో తుడిచి, పెట్టింది.
పాప దగ్గు సంగతి అడగబోయి ఊరుకున్నాను.
ఆ పాప ఈమే అయ్యుంటుంది.

పొట్ట పెట్టి కోసిన ఇరుసుకి ఇది ఐదో నెల.
ఇంకా విప్పి చూడలేదు.
తిరుపాలు సాయంత్రం గ్రీజు తుడిచి పారేసిన గుడ్డని మాత్రం
ఎవరూ చూడకుండా విప్పి
వెలుగులో పెట్టి
రంగు చూస్తాను.