వెనక కన్ను

ఒమరామా బంకులో డీజిల్ పోయించి
బండి కదిపింది నైరీ.
వెనక పరుపు మీద దుప్పటి ముద్ద.
డెస్ నిద్రపోతున్నాడనుకుంది.

ముందు కెమెరా లిండిస్ కనుమనంతా
ఒడిసిపట్టింది: ఎండుగడ్డి కొండలు,
ఎదురొచ్చిన గొర్రెల లారీ,
అద్దం మీద చితికిన పురుగు.
మధ్యలో ఆమె గొంతు,
"చూడు డెస్, ఆ మబ్బు అచ్చం నీ బొజ్జే!"

వెనక కెమెరాకి కొండలు పట్టలేదు.
దానికి దక్కింది పదకొండు సెకన్లు:
రెండు చేతుల్లో రెండు కాఫీలు,
ఒక్క కాలికే చెప్పు,
పరిగెత్తి పరిగెత్తి
చుక్కంతైపోయిన మనిషి.
ఆపైన మలుపు.

వారం తిరిగేసరికి
కార్డు తన్ను తానే చెరిపేసుకుంటుంది.
కొండలు పోయాయి, మబ్బూ పోయింది.
ఆ పదకొండు సెకన్లకి మాత్రం
తాళం వేసుకుంది నైరీ.

ఇప్పటికీ బండి తీసేముందు
దుప్పటిని ఓసారి గిల్లి చూస్తుంది.