మూడు నీళ్లు

ఆదివారం పొద్దుగాల
కటిక దశరథ కాడికి వోయి
మోదుగాకుల ముప్పావు కిల యాటకూర తెస్తే
పొయ్యి ముట్టియ్యకముందే ఇంట్ల పంచాయితి ముట్టుకుంది.

నల్లగొండల నర్సు చదువు చదివే నా బిడ్డ నవనీత
గిన్నె మీద చెయ్యి అడ్డం వెట్టి
"కడగొద్దమ్మా" అన్నది.
"కడిగితే పురుగు వోదు, ఎగురుతది.
నీటిచుక్కల మీదెక్కి రెండు మూరల దూరం వోతది.
తోమి బోర్లిచ్చిన పళ్లాల మీద,
కోసి వెట్టిన ఉల్లిగడ్డ మీద వాల్తది.
దాన్ని సంపేది నీళ్లు గాదు, మంట."

మా అత్త ఈదమ్మ
గడపకాడ కూసోని ఎల్లిగడ్డ పొట్టు తీస్తాంది.
నడుము వంగిన మనిషి,
కూసున్నా నిలవడ్డా ఒక్కతీరే ఎత్తు.
తల ఎత్తకుంటనే అన్నది:
"కడగని కూర తింటే
కుక్కకూ మనకూ ఏం ఫరకే?"

ఈ ఇంటికొచ్చిన కొత్తల
నాకు కూర కడుగుడు నేర్పింది ఆమెనే.
మొదటి నీళ్లు ఎర్రగ, అవి కుక్కకు.
రెండో నీళ్లు లేత గులాబి, అవి సొరపాదుకు.
మూడో నీళ్లల్ల పసుపు, దొడ్డుప్పు.
ఒక్కొక్క తునక వేళ్లతోటి తడిమి
బొక్కపెచ్చులు, చింతమొద్దు పొట్టు, అంటిన వెంట్రుక ఏరి
ముక్కుకాడ వెట్టుకొని
నీసు వోయిందంటేనే పొయ్యి మీదికి.

"సచ్చిన మనిషికి తానం వోస్తం గదా,
దీనికి వొయ్యొద్దా?"
అని ఓసారి అడిగింది నన్ను.
నా కాడ ఇప్పటికీ జవాబు లేదు.

అప్పుడు మర్రిగూడల
బోరింగు కొట్టంగ కొట్టంగ
బిందె నిండేసరికి రెక్కలు వడిపోయేటియి.
తాగనీకె కొసరుకున్నా
కూరకు మాత్రం మూడు నీళ్లు తప్పేటియి గావు.
సల్లటి నీళ్లు. తేటగ, అడుగు కనవడే నీళ్లు.

యాట బొక్కలు తెల్లగ కడిగిన ఆ నీళ్లే
మా బొక్కలు వంచినయి.
మా మరిది మీసం రాకముందే కట్టె వట్టిండు.
నా పండ్ల మీద గోధుమ మరక
ఏ బొగ్గుతోటి తోమినా వోలే.

ఇప్పుడు నల్లా తిప్పితే కిష్ణ నీళ్లు.
కడగనీకె నీళ్లొచ్చినంక
కడగొద్దనే మాట వచ్చింది.

నవనీత ఇంకా చెప్తనే ఉంది:
"కండ్లకు కనవడదు నాయినమ్మా.
వాసన గూడ రాదు.
అంతా మంచిగనే ఉన్నట్టుంటది."

ఈదమ్మ చేతుల ఎల్లిగడ్డ ఆగింది.

"కనవడదు.
వాసన రాదు.
మంచిగనే ఉన్నట్టుంటది.
గంతేనా?"

"గంతే" అన్నది పిల్ల.

"గసొంటిది నాకు ఎరుకనే."

ఆ మాటకు పిల్ల ఏమనలే.
నేను నీళ్ల చెంబు వట్టుకొని
ఇద్దరి నడుమ ఉత్తగ నిలవడ్డ.
కుక్కర్ మూత మీద ఈగ ఒకటి నడుస్తాంది.

ఈదమ్మ గిన్నెను ముందటికి గుంజుకుంది.
చుక్క నీళ్లు లేకుంట
పొడివేళ్లతోటి తునక తునక తడిమింది.
ఒక పెచ్చు దొరికితే
పిల్ల దిక్కు జూపిచ్చి అవతల వెట్టింది,
ఆ ఒక్కటి నేనే గెలిచిన అన్నట్టు.
పసుపేసింది. ఉప్పేసింది. కలిపింది.

పొయ్యి మీదికి ఎక్కించమని నాకు సైగ జేసి
గోడ వట్టుకుంట నల్లాకాడికి నడిచింది.
సబ్బు వెట్టి
వంకరవోయిన వేళ్ల సందులన్ని రుద్దుకుంట
చేతులు కడుక్కుంది,
ఒక నీళ్లు,
రెండు నీళ్లు,
మూడు నీళ్లు.

మోరికాడ కుక్క
తెల్లటి నురుగును వాసన జూసి
మల్ల మా వాకిలి దిక్కు జూసుకుంట కూసుంది.
ఎర్రనీళ్లు ఇంకా రాలేదని.